స్టెప్నీ లేని ఎండాకాలం

కారు ఇంటికొచ్చిన రోజు మేమందరం దాన్ని ముందు నుంచి చూశాం, మా ఆయన వెనక నుంచి చూశాడు. మెత్తటి సీట్లు, పాటలు పాడే తెర, మీట నొక్కితే దిగే అద్దాలు, ఇవేవీ ఆయన కంటికి ఆనలేదు. తిన్నగా వెనక్కి వెళ్ళి డిక్కీ ఎత్తి, అడుగున పరిచిన పట్టా లేపి, లోపలికి చెయ్యి పెట్టి తడిమాడు. బస్సు డిపోలో టైర్ల సెక్షన్లో కుర్రాడిగా చేరి, అక్కడే జుట్టు నెరిపించుకుని, అక్కడే రిటైరై దండ వేయించుకుని బయటికొచ్చిన మనిషి. ఎవరింటికైనా వెళ్తే ముందు పెద్దవాళ్ళు కులాసాయేనా అని అడుగుతాం చూడండి, ఆయన ఏ బండి కనపడినా అలా ముందు దాని స్టెప్నీని పలకరించేవాడు.

"ఏం అల్లుడూ, స్టెప్నీ ఏదీ?" అన్నాడు.

మా అల్లుడు రంగుల షాపులో రంగులు కలుపుతాడు. గోడ నుంచి రాలిన పెచ్చు తెచ్చి చూపిస్తే చాలు, అచ్చు అదే రంగు కలిపి చేతిలో పెడతాడు. కార్ల సంగతి మాత్రం షోరూమ్ వాళ్ళు చెప్పిందే అతనికి వేదం.

"స్టెప్నీ ఉండదు మామయ్యా. ఇప్పుడొచ్చే వాటికి ఇవ్వట్లేదు. బరువు తగ్గుతుందంట, పెట్రోలు కలిసొస్తుందంట. దాని బదులు ఇదిగో, కిట్ ఇచ్చారు," అని ఒక చిన్న సంచీ తీసి చూపించాడు. అందులో ఒక జిగురు సీసా, బుల్లి గాలి మిషనూ ఉన్నాయి.

మా ఆయన సీసాని వెలుతురుకి పట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంటిది, దగ్గు మందా?"

మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. కడుపుతో ఉంది అప్పుడు. "ఊరుకో నాన్నా! ఊళ్ళో వాళ్ళందరూ కొనుక్కోవట్లేదా?"

"మూడు కాళ్ళ మంచం అమ్మితే అదీ కొనుక్కుంటారా అందరూ?" అని ఆయన డిక్కీ దబ్బున మూసేశాడు. "నాలుగు చక్రాలతో నడిచే బండికి ఐదు చక్రాలుండాలి. నాకు తెలిసింది అంతే."

ఎండలు ముదరకుండానే అమ్మాయికి నొప్పులొచ్చాయి. ఇంకా రెండు నెలలు గడువుంది. ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. పిల్ల అంటున్నాను గానీ, నాకు కనపడింది పిల్ల కాదు, గుడ్డ మడతల్లో ఒక చిన్న కదలిక. అంత చిన్న పిల్లల్ని నిలబెట్టే మిషన్లు మా ఊరి ఆసుపత్రిలో లేవని అప్పటికప్పుడు అంబులెన్సులో పెద్ద ఊరికి పంపేశారు. పోనీ రెండ్రోజులు ఆగి తల్లినీ అక్కడికే చేరుద్దామంటే, దాని కుట్లు చీము పట్టాయి. ఒళ్ళు కాలిపోయే జ్వరం. మంచం దిగొద్దు, బండి కుదుపులు అసలే తగలొద్దు అని డాక్టరమ్మ కళ్ళెర్ర చేసి మరీ చెప్పింది. తల్లి ఇక్కడ, పిల్ల అక్కడ. మధ్యలో కారులో గంటన్నర దారి.

ఆ గంటన్నర దారి రోజూ దాటాల్సింది పాలు.

పెద్దాసుపత్రిలో చంటిపిల్లల వార్డుకి ఒక పెద్ద సిస్టర్ ఉండేది. రొమ్ము మీద తలకిందులుగా గడియారం పెట్టుకుని, మనతో మాట్లాడుతూ దానివంకే చూసేది. గడియారం సిస్టర్ అని పేరు పెట్టాను నేను. మొదటి రోజే నన్ను నిలబెట్టి చెప్పింది.

"చూడమ్మా, మీరు తెచ్చేవి పాలు కాదు, మందు. మంచులో పెట్టి తేవాలి. మంచు కరిగితే తీసుకోను. ఏడ్చినా తీసుకోను, తిట్టినా తీసుకోను. అర్థమైందా?"

"అర్థమైందమ్మా."

"ఏది, మళ్ళీ చెప్పండి."

చిన్నప్పుడు బళ్ళో ఉన్న నాలుగు రోజుల్లో కూడా అంత శ్రద్ధగా పాఠం అప్పజెప్పలేదు నేను.

రెండ్రోజులు బస్సులో పట్టుకెళ్ళాను. రెండు బస్సులు మారాలి, చేరేసరికి మంచు నీళ్ళయ్యేది. మొదటిసారి ఆవిడ ఆ సీసాలు నా ఎదురుగానే బేసిన్లో వంపేసింది. జ్వరంతో వణుకుతూ, పళ్ళు బిగబట్టి, మిషన్ పెట్టుకుని నా కూతురు తీసిన పాలవి. ఆ తెలుపు గొట్టంలోకి దిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. మూడో రోజు నుంచి అల్లుడు షాపులో బతిమాలుకుని పొద్దుటిపూట సెలవు పెట్టి కారు తీసేవాడు. కారు ఉండబట్టి కదా అనుకున్నాం. దాన్ని ఎంత మెచ్చుకున్నామో!

వార్డులో అద్దం ఇవతల నిలబెట్టి, గాజు పెట్టెలో ఉన్న పిల్లని చూపించేవాళ్ళు. ముక్కులో సన్నటి గొట్టం, దాంట్లోంచి చెంచాడు పాలు. ఆ చెంచాడు దిగడానికి ఎంతసేపో! దిగేదాకా దాని బదులు నేనే గుటకలు మింగేదాన్ని. ఇంటికి రాగానే అమ్మాయి మంచం మీద నుంచే, "తాగిందా అమ్మా?" అనేది. నేను చెప్పులు కూడా విప్పకుండా, "తాగింది తల్లీ," అనేదాన్ని. అంతే మా ఇద్దరి మాటలూ. ఆ ఒక్క ముక్క వింటే దాని మొహంలోకి రక్తం వచ్చేది. మళ్ళీ మిషన్ దగ్గరికి లాక్కునేది.

అలా సాగుతుండగా ఒకరోజు దారిలో వెనక టైరులో మేకు దిగింది.

అల్లుడు కిట్ తీసి, కాగితం మీద బొమ్మలు చూసుకుంటూ, జిగురు లోపలికి ఎక్కించి, గాలి మిషన్ పెట్టాడు. అది కందిరీగలా గీపెట్టి గీపెట్టి చివరికి బండిని లేపి నిలబెట్టింది. "చూశారా అత్తయ్యా! మామయ్యకి చెప్పండి, దగ్గు మందు పనిచేసిందని," అన్నాడు, మొహమంతా వెలిగిపోతూ. నేనూ నవ్వాను. ఆ పూట పాలు అందాయి.

తిరిగొచ్చాక పంచర్ షాపులో అసలు సంగతి తెలిసింది. షాపాయన టైరు ఊడదీసి లోపల చూసి ముక్కు చిట్లించాడు. లోపలంతా తెల్లగా, బంకగా, పడిశం పట్టిన ముక్కులా ఉంది.

"ఎవరండీ ఇది పోసింది?"

"కంపెనీవాళ్ళు ఇచ్చిందేనండీ."

"అయితే కంపెనీవాళ్ళనే అతికించమనండి. దీనిమీద ప్యాచ్ నిలవదు. టైరు మార్చేయండి."

మారుద్దామంటే ఆ సైజు టైరు లేదు. ఊళ్ళో లేదు, పక్క ఊళ్ళో లేదు. షోరూమ్‌కి ఫోన్ చేస్తే, "ఆర్డర్ పెట్టాం సార్, ఎల్లుండి వస్తుంది," అనేవాళ్ళు. వాళ్ళ ఎల్లుండి ఎప్పుడూ ఎల్లుండే. జిగురు సీసా మరొకటి ఇవ్వండని అడిగితే, దానికీ అదే ఎల్లుండి. ఈలోపు ఆ జిగురు టైరుతోనే తిరగాలి. అది రాత్రంతా సన్నగా గాలి వదిలేసేది. పొద్దున్నే లేచి, వాకిట్లో గాలి మిషన్ పెట్టి, బండిని లేపి, పాలు ఎక్కించుకుని బయల్దేరేవాళ్ళం. ఎదురింటి టైలరమ్మ మెట్ల మీద నిలబడి నవ్వేది.

"ఏం పిన్నీ, మీ కారుకి ఆయాసమా? పొద్దున్నే ఆక్సిజన్ పెడుతున్నారు!"

"నవ్వవే, నవ్వు. నీ కుట్టుమిషన్ సూది విరిగిననాడు నేనూ వచ్చి నవ్వుతా," అనేదాన్ని. నవ్వే ఓపిక నాకెక్కడిది?

ఇదంతా చూసి మా ఆయన ఊరుకుంటాడా? ఆయన బాధ నాకు తెలుసు. పిల్ల దగ్గరికి ఆయన్ని రానిచ్చేవాళ్ళు కాదు, ఇంటికి ఒక్కరే అని లెక్క. ఇంట్లో కూతురికి ఏం చెయ్యాలో మగాడికి తోచదు. చేతిలో పనిలేక వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. ఒక మధ్యాహ్నం ఎటో మాయమై, పాత సామాన్ల యార్డు నుంచి ఒక చక్రం దొర్లించుకుంటూ వచ్చాడు. ఎండలో, నడి రోడ్డు మీద, పిల్లలు ఆడుకుంటూ తోసుకొచ్చినట్టు తోసుకుంటూ. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది గానీ మొహంలో ఎన్నాళ్ళకో ఒక కళ.

"స్టెప్నీ!" అన్నాడు.

తాడు పెట్టి కారు చక్రం ఎత్తు కొలిచాడు, దీని ఎత్తు కొలిచాడు. జానతో వెడల్పు చూశాడు. నన్ను పిలిచి చూపించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఒకసారి ఎక్కించి చూద్దాం అల్లుడూ."

"వద్దు మామయ్యా. కొత్త బండి, బోల్టులు మనం ముట్టుకుంటే వారంటీ పోతుందన్నారు. అయినా అంత బరువు డిక్కీలో ఎందుకు? టైరు ఎల్లుండి వచ్చేస్తుందిగా."

"సరే, ముట్టుకోను. కానీ డిక్కీలో ఉండనీ. చక్రం చక్రమేనయ్యా. మా డిపోలో ఏ బస్సు చక్రం ఏ బస్సుకైనా ఎక్కేది. కళ్ళు మూసుకుని ఎక్కించేవాళ్ళం."

కారు చక్రాలకి బయట మెరిసే మూతలు ఉంటాయి, చూశారుగా. చూడ్డానికి అందంగా ఉండాలని పెడతారు. ఆ మూతల కింద ఏముందో మా ఆయన చూడలేదు. అల్లుడు చూడనివ్వనూ లేదు. ఇద్దరిలో ఎవరిని అనగలం? పాత దుప్పటిలో చుట్టి, తాడేసి బిగించి, డిక్కీలో పడుకోబెట్టారు దాన్ని. మలుపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి దబ్బుమనేది. ఆ చప్పుడు వింటే నాకు ధైర్యంగా ఉండేది, నిజం చెప్పొద్దూ.

ఒకరోజు వెళ్ళేసరికి గడియారం సిస్టర్ గడియారం చూడకుండా నా మొహం చూసింది.

"నిన్న మీ పాలు సరిపోక రాత్రి డబ్బాపాలు పట్టాం. పడలేదు. పొట్ట ఉబ్బింది. ఇవాళ తగ్గింది. కానీ మళ్ళీ ఉబ్బితే పేగుకి ఆపరేషన్ అంటున్నారు పెద్ద డాక్టరు. ఇంత ప్రాణానికి ఆపరేషన్ అంటే..." అని ఆగిపోయింది. "ఇక నుంచి డబ్బాపాల మాటే వద్దు. మీరిప్పుడు తెచ్చినవి రేపు పొద్దుటిదాకా సరిపెడతాను. రేపు మధ్యాహ్నం పాలవేళకి మాత్రం మీరు ఇక్కడుండాలి."

"ఉంటానమ్మా."

ఈసారి మళ్ళీ చెప్పమని అడగలేదు ఆవిడ.

ఇంట్లో అమ్మాయికి డబ్బాపాల సంగతి చెప్పలేదు, పాలు కాస్త ఎక్కువ కావాలట అన్నాను. అది తెల్లారేదాకా కూర్చుని తీసింది. పొద్దున సీసాలు మంచుపెట్టెలో సర్దుతుంటే, మా ఆయన చొక్కా వేసుకుని, జాకీ, పానా సంచీలో పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

"నేనూ వస్తున్నా."

"మీరెందుకండీ, లోపలికి రానివ్వరుగా."

"లోపలికి రానులేవే. దారిలో ఉంటా. చక్రం ఉంది, నేనున్నా. ఇవాళ ఏది ఆగినా బండి ఆగకూడదు."

సగం దారి దాటాం. అటు ఇటు ఎండిపోయిన పొలాలు, కనుచూపు మేరలో చెట్టు లేదు. ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి పక్కకి తప్పుకుంది. అది తప్పించుకున్న గుంట మాకు దొరికింది. ముందు చక్రం దిగి, గుంట అంచు రాయికి కొట్టుకుని పైకొచ్చింది. పెద్ద చప్పుడేం కాలేదు. బండి ఒకవైపుకి ఒరిగి, కుంటుకుంటూ ఆగింది.

దిగి చూస్తే టైరు పక్క చెంప చీరుకుపోయింది. నా అరచెయ్యి పట్టేంత చీలిక. జిగురున్నా అతికేది కాదు, అసలు జిగురే లేదు.

అల్లుడి మొహం తెల్లబోయింది. మా ఆయన మాత్రం చొక్కా చేతులు పైకి మడిచి, "నువ్వు పక్కకి జరుగు అల్లుడూ. ఏమే, నువ్వు పాలకి నీడ పట్టు," అన్నాడు. ఆ గొంతు విని చాలా ఏళ్ళయింది. డిపోలో పది మందిని పురమాయించే రోజుల నాటి గొంతు. నేను కారు నీడలో కూర్చుని పెట్టె మీద కండువా కప్పాను. ఆయన చక్రం ముందు వంగాడు. మూత ఊడబెరికాడు. పానా మీద కాలేసి తొక్కి బోల్టులు వదులు చేసి, జాకీతో బండి లేపి, బోల్టులన్నీ విప్పి, చీరుకుపోయిన చక్రాన్ని తీసి పక్కన పడేశాడు. ఆ వయసులో ఆ వడి చూస్తే నా దిష్టే తగులుతుందేమోననిపించింది. దుప్పటి విప్పి చక్రం ఎత్తుకొచ్చి పెట్టాడు.

చక్రం కూర్చోలేదు.

కొంచెం తిప్పి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. మోకాలితో పొడిచాడు. "ఉండు ఉండు, వస్తుంది," అన్నాడు, చక్రంతోనో మాతోనో. తర్వాత దాన్ని నేల మీదికి దించి, ఎదురుగా గొంతుక్కూర్చుని, చూపుడువేలు ఒక్కో కంతలో పెట్టుకుంటూ వచ్చాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆ వేలు మళ్ళీ మొదటి కంత దగ్గరికి వచ్చి ఆగింది.

బండికి ఐదు బోల్టులు. చక్రానికి నాలుగు కంతలు.

అంతకాలం డిపోలో పనిచేశాడు, ఏనాడూ కంతలు లెక్కపెట్టే పని పడలేదు. అక్కడ అన్నీ ఒకటే కదా.

అల్లుడు చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అటువైపు తిరిగి ఉన్నాడు. ఇటు తిరిగి చూశాడు. చక్రాన్ని చూశాడు, మామని చూశాడు. అర్థమైంది. ఇప్పుడు అంటాడు, నేను ముందే వద్దన్నానుగా అంటాడు అని నేను భయపడ్డాను. అతను దుప్పటి దులిపి, నాలుగు మడతలు పెట్టి, తీసుకెళ్ళి ఆయన తల మీద కప్పాడు. "ఎండలో కూర్చోకండి మామయ్యా," అన్నాడు. మా ఆయన లేవలేదు. ఆ తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఎవరి డిక్కీ ఎత్తీ చూడలేదు.

కంపెనీవాళ్ళ సాయం నంబరు ఒకటి ఉంది. అల్లుడు చేస్తే ముందు సన్నాయి పాట, తర్వాత ఒక ఆడగొంతు, "మీ కాల్ మాకు చాలా ముఖ్యం," అని, మళ్ళీ సన్నాయి. ఎట్టకేలకి ఒక మనిషి పలికాడు.

"సార్, మీరెక్కడున్నారు?"

"రోడ్డు మీదున్నామండీ!"

"దగ్గర్లో ఏమైనా గుర్తు చెప్పండి సార్."

అల్లుడు చుట్టూ చూశాడు. గుర్తేముంది? గుంట ఉంది. "మా దగ్గర చంటిపిల్ల పాలున్నాయండీ," అన్నాడు. "ఓకే సార్. బండిని ఎక్కించుకెళ్ళే వాహనం పంపిస్తున్నాం. రెండు గంటల నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. మా సేవలకి మీరిచ్చే మార్కులు..." అల్లుడు ఫోన్ కిందికి దించేశాడు.

ఎదురు దిక్కున వెళ్ళే కారొకటి ఆగింది. లోపల పిల్లాజెల్లా కిక్కిరిసి ఉన్నారు. నడుపుతున్నాయన దిగొచ్చి, "మాకూ స్టెప్నీ లేదండీ, కిట్ ఉంది," అని తన జిగురు సీసా ఇచ్చాడు. పనిచేయదని తెలిసీ ఆ చీరుకుపోయిన టైరులోకి ఎక్కించి చూశారు ఇద్దరూ. తెల్లటి జిగురు చీలికలోంచి బుస్సుమని పొంగి తారు మీదికి కారిపోయింది. నేను మొహం తిప్పుకున్నాను. పాపం ఆయన తనదే తప్పయినట్టు రెండుసార్లు సారీ చెప్పి వెళ్ళాడు.

తర్వాత బస్సు వచ్చింది. మా ఆయన డిపో బస్సే. ఆయన దుప్పటి తీసి పారేసి, పరుగున వెళ్ళి రోడ్డుకి అడ్డంగా చెయ్యెత్తాడు. డ్రైవరు హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి పోనిచ్చాడు. అక్కడ స్టాపు లేదు మరి. ఆ చక్రాలు ఎన్నిసార్లు బిగించి ఉంటాడో ఈయన! బస్సు పోయాక కూడా ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండిపోయింది.

నేను పెట్టె మూత తీయకూడదని పట్టుదలగా కూర్చున్నాను. తీస్తే చల్లదనం పోతుంది. తీయకపోతే ఎంత ఉందో తెలియదు. కాసేపటికి మూత తీయకుండానే తెలిసింది. కదిపితే లోపల గలగలమనాల్సింది పోయి, బుళుక్ బుళుక్ అంటోంది.

చివరికి పరుపుల వ్యాను ఒకటి ఆగింది. ముందు సీట్లో ఒక్కరికే చోటు.

"నువ్వెళ్ళవే," అన్నాడు మా ఆయన. నన్ను చూడకుండా పెట్టెని చూస్తూ అన్నాడు.

వ్యాను డ్రైవరు మంచివాడే. కానీ వెనక కొండలా పరుపులు, గాలి తగిలితే బండి ఊగుతోంది. "కొంచెం తొందరగా బాబూ," అంటే, "తొందరపడితే పరుపులు ఎగిరిపోతాయి పెద్దమ్మా," అన్నాడు. పరుపులు ఎగిరిపోకుండా నిదానంగా, భద్రంగా తీసుకెళ్ళి ఆసుపత్రి గుమ్మం ముందు దింపాడు. అప్పటికి మధ్యాహ్నం పాలవేళ ఎప్పుడో దాటిపోయింది.

మెట్లెలా ఎక్కానో తెలియదు. గడియారం సిస్టర్ వార్డు తలుపు దగ్గరే ఉంది. పెట్టె మూత తీసింది. సీసాలు నీళ్ళలో తేలుతున్నాయి. ఒకటి తీసి మణికట్టుకి ఆనించి చూసింది. మళ్ళీ నీళ్ళలో పెట్టేసింది.

"అమ్మా, టైరు పోయిందమ్మా. దారిలో..."

"వద్దమ్మా. ఇవి పట్టను."

"నా తల్లీ, ఈ ఒక్క పూటా. నీ కాళ్ళు పట్టుకుంటా. రాత్రంతా కూర్చుని తీసింది నా కూతురు. డబ్బాపాలు పడితే పొట్ట..."

"డబ్బాపాలు పట్టలేదు," అంది ఆవిడ. నన్ను భుజం పట్టుకుని గోడవార బెంచీ మీద కూర్చోబెట్టింది. "మీ పాప తాగేసింది. తల్లిపాలే. పొట్ట మెత్తగా ఉంది. ఊపిరి తీసుకోండి ముందు."

పిల్ల ఆ పూట గట్టెక్కింది. ఆ తర్వాత బతికి బట్టకట్టి ఇంటికీ వచ్చింది లెండి, ఇప్పుడు దాని నోటికి నేనే జడుస్తాను. కానీ ఆ క్షణాన నాకేమీ అర్థం కాలేదు. "ఎవరి పాలమ్మా?" అన్నాను.

సిస్టర్ గడ్డంతో బెంచీ అటు చివరికి చూపించి లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడొక అమ్మాయి కూర్చుని ఉంది. మా అమ్మాయి కంటే చిన్నది. నాకు తెలుసు ఆ పిల్లని. కిటికీ పక్క పెట్టెలో ఉండే బాబు వాళ్ళ అమ్మ. రోజూ అద్దం దగ్గర పక్కపక్కన నిలబడేవాళ్ళం. నేను లేచి అద్దంలోంచి చూశాను. కిటికీ పక్క పెట్టెలో దీపం ఆర్పేసి ఉంది. లోపల పక్క మడిచి పెట్టేశారు.

వచ్చి దాని పక్కన కూర్చున్నాను. మాటల పుట్టనని మా ఇంట్లో నాకు పేరు. అయినా ముందు ఆ పిల్లే పలికింది.

"నిన్న సాయంత్రమండీ," అంది. "నాకేమో ఆగట్లేదు. గుడ్డలన్నీ తడిసిపోతున్నాయి. సిస్టర్ వచ్చి అడిగింది. పారబోసే బదులు..." వార్డు తలుపు వైపు చూసి, "అంతా తాగిందా అండీ?" అంది.

"తాగిందంటమ్మా."

ఆ చెయ్యి పట్టుకున్నాను. వేడిగా ఉంది. ఏం పెట్టగలను దానికి? నా దగ్గరున్నది ఒక పెట్టెడు పనికిరాని పాలు.

అప్పుడే ఫోన్ మోగింది. మా అమ్మాయి.

"అమ్మా, ఇంకా ఫోన్ చేయలేదేంటి? తాగిందా?"

పక్కన కూర్చున్న పిల్లకి అంతా వినిపిస్తోంది. ఆ ఫోన్ గొంతు అంత పెద్దది.

"తాగింది తల్లీ," అన్నాను.

"అంతా?"

"అంతా తాగింది."

"హమ్మయ్య! రేపు ఇంకొంచెం ఎక్కువ పంపిస్తానమ్మా. సిస్టర్‌కి చెప్పు," అంటూ నవ్వుతూ పెట్టేసింది. ఎన్ని రోజులకో దాని నవ్వు. పక్కనున్న పిల్ల తల వంచుకుని తన చేతి గోళ్ళు చూసుకుంటోంది.

ఎండ వాలాక మా ఆయనా అల్లుడూ వచ్చారు, కారుని ఎక్కించుకొచ్చిన లారీలోనే. మా ఆయన చేతులు మోచేతులదాకా నల్లగా ఉన్నాయి. మెట్లెక్కి వచ్చి, "అందాయా?" అన్నాడు. అల్లుడు నా మొహం చూశాడు. "పిల్ల తాగింది," అన్నాను. మా ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అది చూసి సిస్టర్‌కి ఏమనిపించిందో, ఆ రోజు రూలు పక్కన పెట్టి, "తాతగారూ, అద్దంలోంచి చూడండి. చేతులు ఆనించకండి," అంది.

అన్నాళ్ళలో మనవరాలిని చూడటం ఆయనకి అదే మొదలు. నల్లటి చేతులు వెనక్కి కట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అన్నీ ఒకేలా ఉన్న పెట్టెలు, అన్నీ ఒకేలా ఉన్న పసిగుడ్లు.

"మనది ఏదే?" అన్నాడు.

నేను లేచేలోపు ఆ అమ్మాయి లేచి ఆయన పక్కన నిలబడింది. "ఆ మూల నుంచి రెండోది తాతగారూ. ఎడమవైపుకి తిరిగి పడుకుంటుంది. ఇందాకే నిద్రపోయింది," అంది.

"అలాగా తల్లీ," అని మురిసిపోతూ చూశాడు. చూసి చూసి, మర్యాదకి అడగాలి కదా, నేను ఆపేలోపే అడిగేశాడు. "మరి మీ బిడ్డ ఎక్కడమ్మా?"

ఆ అమ్మాయి కిటికీ వైపు చూపించింది. "అక్కడుండేవాడండీ," అంది.

మా ఆయన ఆ దీపం లేని పెట్టెని చూశాడు. ఏదో ఒకటి చేద్దామన్నట్టు చేతులు ముందుకొచ్చాయి. వాటి నలుపు చూసుకుని మళ్ళీ వెనక్కి కట్టుకున్నాడు.

ముగ్గురం వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. అల్లుడు ఎదుటి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కాసేపటికి వార్డు తలుపు తెరుచుకుంది. గడియారం సిస్టర్ సగం బయటికి వచ్చి, రొమ్ము మీద గడియారం చూసుకుని, "సాయంత్రం పాలవేళయింది," అంది.

అలవాటు కొద్దీ నేను లేవబోయాను. ఆవిడ చూస్తున్నది నన్ను కాదు.

ఆ అమ్మాయి చున్నీ సర్దుకుని లేచి, మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళింది.